భుజములపై మేళము

బ్రూక్లిన్‌లోని విలియమ్స్‌బర్గ్ పేటలో, హేవ్‌మేయర్ వీధియు ఉత్తరపు 8వ వీధియు కలిసెడి మూలన గల మౌంట్ కార్మెల్ మాత చర్చి చెంత, జూలై నెల మండుటెండలో, నూరుమందికి పైబడిన మగవారి భుజములపై నిలిచిన ఒక వేదిక మీద కూర్చుండి క్లారినెట్ వాయించుట నాకు కొన్ని సంవత్సరములుగా అలవాటైన పని. ఆ వేదిక మీదినుండి దాదాపు 70 అడుగుల గోపుర మొకటి ఆకాశములోనికి లేచి యుండును. దాని యొంటినిండ దేవదూతలు, పూలతీగెలు, పరిశుద్ధుల ప్రతిమలు, కాగితపు గుజ్జుతో చేసి రంగులు దిద్దినవి. కొనయందు ఇటలీలోని నోలా పట్టణపు ప్రాచీన బిషపు పావొలీనో విగ్రహము. గోపురమును, వేదికయు, దానిపై వాద్యగాండ్రమైన మేమును, మా గాయకుడును, డోళ్లును, మైకులును కలిసి సుమారు 4 టన్నుల బరువు. దానికి చక్రములు లేవు. అది అడుగు కదలవలెనన్న మనుష్యులు మోయవలసినదే.

నేను ఇటలీవారి సంతతివాడను గాను. ఆ మతమువాడనును గాను. కోనసీమలో పెండ్లి ఊరేగింపులకు బ్యాండుమేళము నడుపుచుండిన మా మేనమామ వద్ద చిన్ననాడు క్లారినెట్ పట్టుట నేర్చి, పిదప ఉద్యోగార్థమై న్యూజెర్సీ చేరి, అక్కడి యూరిబ్యాండులో శనివారములు వాయించుచుండగా, నా ప్రక్క కుర్చీలో కూర్చుండెడి ట్రంపెట్ వాద్యగాడైన ఒక వృద్ధుడు, "మా పేట పండుగకు ఒక క్లారినెట్ తక్కువైనది, వచ్చెదవా అబ్బాయీ?" అని అడిగెను. పండుగ యనగా ఒక మైదానము, ఒక రంగస్థలము, ఎదుట వరుసలుగా కుర్చీలు, పాటపాటకు చప్పట్లు, ఇంతియే కదా యనుకొని ఒప్పుకొంటిని. అట్టి పండుగలును ఆ నగరమున లేకపోలేదు. మన్‌హటన్‌లో మల్బరీ వీధిన 1926 నుండి సెప్టెంబరు మాసమున జరుగుచున్న సాన్ జెన్నారో ఉత్సవములో నేను తరువాత ఒకసారి వాయించితిని. అచట జనము వేయించిన సాసేజీలును, పంచదార చల్లిన జెపోలెలును తినుచు దుకాణముల నడుమ నడచిపోవుచుందురు. దారిన పోవువారి చెవిని రెండు నిమిషములు నిలుపగలిగిన మేళము గట్టి మేళమనిపించుకొనును. అదియు ఒక విద్యయే, కాని నేను చెప్పబోవునది దానిని గూర్చి కాదు.

విలియమ్స్‌బర్గ్ గోపురమునకు జిల్యో యని పేరు. ఇటాలియన్ భాషలో జిల్యో యనగా లిల్లీ పువ్వు. పువ్వు గోపురమైన వృత్తాంతమును ఆ పేటలో పసిపిల్లలును చెప్పుదురు. నాలుగవ శతాబ్దిలో బోర్డో నగరమున మహాసంపన్నుల యింట జన్మించి, ఔసోనియస్ అను కవికి శిష్యుడై, తానును లాటిన్‌లో కవిత్వము చెప్పి, కంపానియా సీమకు అధిపతియై, తుదకు భార్యయైన తెరేసియాతో కూడ ఐశ్వర్యమంతయు విడిచి నోలాలో స్థిరపడి, అచట బిషపై, 431లో కాలధర్మము నొందిన పావొలీనో చరిత్రపురుషుడే; పరిశుద్ధుడగు ఆగస్టీనుతో ఉత్తరప్రత్యుత్తరములు నడపినవాడు. కాని పండుగకు మూలమైనది ఆ చరిత్ర కాదు, ఆయన గతించి శతాబ్దిన్నరకు పైగా గడచినపిమ్మట పోపు గ్రెగరీ వ్రాసి పెట్టిన కథ. వాండలులు నోలాను దోచి జనులను చెఱపట్టి ఆఫ్రికాకు గొనిపోయినపుడు, ఒక వితంతువు తన యొక్కగానొక్క కుమారుని విడిపించుటకు సొమ్ము కోరి బిషపును ఆశ్రయించెనట. ఇచ్చుటకు ఆయన వద్ద కాసైనను మిగులలేదు. అంతట ఆయన తన్నుతానే బదులుగా ఇచ్చుకొని, ఆ బాలుని విడిపించి, ఆఫ్రికాలో ఒక ప్రభువు తోటలో తోటమాలియై పనిచేసెనట. కాలాంతరమున ఆయన ఎవరో తెలిసి ఆ ప్రభువు ఆయననేగాక నోలావారినందఱిని విడిచిపెట్టెను. జనుల నోట వాండలులు తురుష్కులైరి. తిరిగివచ్చిన పడవకు ఊరివారు లిల్లీ పూలు చేతబట్టి ఎదురేగిరని కథ పెరిగెను. ఆ పూలగుత్తులే తరతరములకు ఎదిగి యెదిగి గోపురములైనవి. నేటికిని నోలాలో జూన్ 22 తరువాతి ఆదివారమున 25 మీటర్ల గోపురములు ఎనిమిది, పడవ యొకటి, వీధులవెంట నాట్యమాడుచు వచ్చును. తోటమాలి, రొట్టెలవాడు, కమ్మరి, దర్జీ మొదలైన వృత్తుల పేర ఒక్కొక్క గోపురము వెలసినది. 2013లో యునెస్కో ఇటలీ దేశపు ఇట్టి భుజవాహనోత్సవములను మానవజాతి వారసత్వముల పట్టికలో చేర్చినప్పుడు నోలా జిల్యోలును అందులో నుండెను.

నాకు ఈ కథలో మిక్కిలి ఇష్టమైన భాగము విడుదలయు కాదు, పూలును కావు. ఒకరి బరువును మఱియొకరు తమ భుజముపై వేసుకొనుట. నోలావారు ఆ దినమున చేయునదియు అదియే. విగ్రహమును బండి మీద పెట్టి లాగినను పండుగ జరిగియే పోవును; కాని ఆయన కథను వారు నోటితో చెప్పుటతో తృప్తినొందక భుజముతో చెప్పదలచిరని నా నమ్మకము. మోసెడివారికి నోలాలో కుల్లతోరి యని పేరు. ఉయ్యాల నూపువారని దాని యర్థము. ఆ గుంపునకు పరాంజా యని పేరు. దానిని నడపు నాయకుడు కాపో. బ్రూక్లిన్‌లోనును పరాంజా, కాపో యను మాటలే వాడుకలో నున్నవి.

నోలా ప్రాంతమునుండి వలస వచ్చినవారు విలియమ్స్‌బర్గ్‌లో తొలి జిల్యోను ఎత్తినది 1903లో. వారు రేవుల వెంబడి, కర్మాగారములలో, వీధిపనులలో బరువులు మోసి పొట్ట పోసికొన్నవారు. సంవత్సరమున కొక్క దినము మాత్రము ఎవరి కూలికిని గాక తమ ఊరి పేరిట మోసిరి. తరువాత బ్రూక్లిన్-క్వీన్స్ వేగమార్గము ఆ పేటను నిట్టనిలువున చీల్చుకొని పోయినపుడు పాత చర్చి కూలినది. ఎన్నో కుటుంబములు చెదరిపోయినవి. నేడు ఆ వీధులలో ఇంటి అద్దెలు విన్నచో ఆ తొలితరమువారు నమ్మరు. కాని జూలై వచ్చుసరికి లాంగ్ ఐలండ్ నుండి, స్టాటెన్ ఐలండ్ నుండి, న్యూజెర్సీ నుండి, తాతల నాటి వీధికి మనుమలు తిరిగి వత్తురు. వారిలో సగముమందికి పైగా ఇటాలియన్ భాష రాదు. బరువెత్తుట మాత్రము వచ్చును.

ఇక వాయించుట యెట్టిదో చెప్పెదను. ఇటలీవారి వీధిబ్యాండులో క్లారినెట్లకు ఆర్కెస్ట్రాలో వయొలిన్లకు గల స్థానము. పాట నంతయు మేమే మోయవలెను. ట్రంపెట్లు మెఱుపులు మెఱపించును, డోలు అడుగు చెప్పును. ఎండలో కొయ్య క్లారినెట్ బీటలువారునన్న భయమున నేను ప్లాస్టిక్‌దానిని తీసికొనిపోవుదును; అయినను మధ్యాహ్నమగుసరికి వేడికి శ్రుతి పైకి పోవును గనుక, పైముక్కకును నడిముక్కకును నడుమ వెండ్రుకవాసి ఎడము విడిచి శ్రుతి దించుకొందును. వేదిక లేచు క్షణమున స్వరలిపి కాగితము చదువుట అసాధ్యము. పాటలన్నియు నోటికి వచ్చియుండవలెను. లేచునప్పుడు ముందుగా తెలియునది చెవికి గాదు, మడమలకు. క్రిందనుండి ఏదో ఊపిరి పీల్చుకొన్నట్లుండి, వేదిక అంతయు ఒక్కసారి జానెడు పైకి వచ్చును. ఆ కుదుపునకు క్లారినెట్ మూతి పైపండ్లకు కొట్టుకొనును. కనుకనే దానిపై రబ్బరు ముక్క యొకటి అంటించుకొనుట నేర్చితిని. నడుమును బిగబట్టినచో స్వరము వణకును. గోదావరిలో పడవపై నిలిచిన సరంగు మోకాళ్లను వదలి నీటి ఊపును తనలోనుండి పోనిచ్చినట్లు, కూర్చున్నవాడు నడుమును వదలి, ఊపిరిని మాత్రము నిలుపుకొనవలెను. తలయెత్తి చూచితినా, 70 అడుగుల యెత్తున పావొలీనో మబ్బులమీద ఊగుచుండును. అందుచే నేను తలయెత్తను.

ఎదుట కాపో నిలిచియుండును. ఆయన చేతిలో బెత్తము, మొగము మోతగాండ్రవైపు, అడుగులు వెనుకకు. ఆయన చేయి యెత్తగా మేము పాట ఎత్తుకొందుము. పరాంజా మోతకఱ్ఱల క్రింద, మడిచిన తువ్వాళ్ల మీద, భుజములు చేర్చి వంగి నిలుచును. పాట ఒకానొక చోట పతాకస్థాయినందు దెబ్బ కొట్టగనే ఆ నూరు జతల మోకాళ్లు ఒక్కసారిగా నిటారగును. అటుపై పొట్టి పొట్టి అడుగులు. పాదము నేలను విడిచీ విడువనట్లు జరుగుచు, పాట నడకయే వారి నడక. కాపో కోరినచో గోపురమును నిలిచినచోటనే ఒక ప్రదక్షిణము తిప్పుదురు. కోరినచో ఊయెల నూపినట్లు ఇటునటు నూపుదురు. పాట ముగియునప్పుడు బెత్తము క్రిందికి పడును. చివరి దెబ్బతో 4 టన్నులును ఒక్కసారి నేలపై కూర్చుండవలెను.

ఇందులో తెలిసికొనవలసిన రహస్య మొక్కటే. పాట యెంత పొడవో మోత అంత పొడవు. కచేరిలో మన మొక సంగతిని రెండుమార్లు వేసినచో వినువాడు సంతోషించును, లేదా విసుగుచెందును. అతని కండరములకు దానితో పని లేదు. ఇచట ఒక పల్లవిని అదనముగ నొకసారి తిప్పినచో, ఆ తిప్పినంతసేపు నూరుమంది మెడనరములు తెగుచున్నట్లు నిలిచియుందురు. విలంబముగ నడచు పాటలు వినుటకు ఎంత మధురములైనను, వాని గాంభీర్యమునకు వెల చెల్లించువారు వేఱు. ద్రుతము మించినచో అడుగులు తడబడును. ఆ రెంటి నడుమ, ఒక మనిషి బరువుతో సుఖముగ నడువగల నడక యొకటి కలదు. దానిని నేను ఏ పుస్తకమునను చూడలేదు. మా డోలు వాయించు నతనికి మాత్రము మడమలో నున్నది. పాత భక్తిగీతములు, నేపుల్స్ పాటలు, సైనికగమన గీతములు, నడుమ నడుమ కుఱ్ఱవారు కోరిన సినిమా పాటలు, ఏవియైనను ఆ నడకలోనికి వచ్చి తీరవలెను. రానివి ఎంత గొప్పవైనను మేము వాయించము.

ఈ సత్యమును నేను తెలిసికొన్నది తప్పు చేసిన పిమ్మటనే. మొదటి సంవత్సరము, ఆదివారపు మధ్యాహ్నము, ఎన్నవ యెత్తుడో జ్ఞాపకము లేదు. పాట ముగియుచుండెను. మా మేనమామ మేళములో చివరి స్వరమును సాగదీసి, కొంచెము కంపించి, వదలుట ఒక ఘనతగా నుండెడిది. పెండ్లివారు అక్కడనే పదిరూపాయల నోటు విసరెడివారు. ఆ యలవాటు నా పెదవులలో నిలిచియుండెను. కాపో బెత్తము పడినది, డోలు ఆగినది, నా స్వరము మాత్రము మైకులో ఇంకను సాగుచుండెను. ముందువరుసలు దించినవి. వెనుక కుడిమూలవారు కాపోను చూడలేరు. వారికి పాటయే యాజ్ఞ. పాట ముగియలేదు గనుక వారు దించలేదు. వేదిక ఒక వైపునకు వాలి, ముందు అంచు నేలను గట్టిగా కొట్టుకొనెను. ఆ యరక్షణము బరువంతయు వెనుకమూలకు జరిగినది. నేను దిగి చూచుసరికి ఆ మూల ఒక యువకుడు కాలిబాట అంచున కూర్చుండి, భుజము పట్టుకొని, పండ్లు బిగించియుండెను. ఎవరో గుడ్డలో మంచుగడ్డలు చుట్టి తెచ్చి పెట్టిరి. నేను క్షమింపుమని యడుగగా అతడు, "ఏమీ కాలేదన్నా, తరువాతి దానికి లేతును" అనెను, లేచెను కూడ. నాకు మాత్రము ఆ సాయంకాలమంతయు పెదవులు చల్లబడియుండెను.

నన్ను తీసికొని వచ్చిన ట్రంపెట్ తాత తిట్టలేదు. నా ప్రక్కన కూర్చుండి, తన ట్రంపెట్‌లోని తడి వంపి, "నువ్వు ఊదినంతసేపు వాళ్లు దించరు, నాయనా" అని మాత్రము చెప్పి, మరల పెదవులకు చేర్చుకొనెను.

ఆ నాటినుండి నా సాధన తలక్రిందులైనది. పూర్వము పాట మొదటిని సాధన చేసెడివాడను. ఇప్పుడు తుదిని చేయుదును. క్లారినెట్‌లో స్వరమును ఆపుటకు రెండు దారులు కలవు. ఊపిరి ఆపవచ్చును, నాలుకతో ఆపవచ్చును. ఊపిరితో ఆపిన స్వరము సన్నగిల్లి, పొగవలె కొంతదూరము పోయి మాయమగును, వినుటకు ఇంపు. నాలుకకొనను రీడునకు తాకించి ఆపిన స్వరము కత్తితో తెగినట్లు తెగును. ఇంపు తక్కువ, స్పష్టత హెచ్చు. నలుబది యేండ్లు నేను మొదటిదానిని ప్రేమించితిని. ఇప్పుడు ప్రతి జూన్ మాసమున, రాత్రులందు, ఇంటివారు నిద్రించిన పిదప, క్లారినెట్‌ను దాదాపు మూగగా పట్టుకొని, రెండవదానిని వందమార్లు చేయుదును. చివరి దెబ్బ, నాలుక, నిశ్శబ్దము. చివరి దెబ్బ, నాలుక, నిశ్శబ్దము. ఆ నిశ్శబ్దములోనే ఆ బరువు నేలకు దిగవలెను.

మా కోనసీమవారికి ఈ విషయము బొత్తిగా క్రొత్తది కాదు. కనుమనాడు జగ్గన్నతోటకు ఏకాదశ రుద్రుల ప్రభలు వచ్చునప్పుడు, వరిచేలలో దిగబడుచు, కౌశిక యేటిని దాటుచు, మోసెడివారి ముందు మేళము నడచుట నేను చిన్నప్పుడు మా మేనమామ చేయి పట్టుకొని చూచినవాడనే. సన్నాయి ఆగినచో ప్రభ ఆగుననియు, డోలు హెచ్చినచో అడుగు హెచ్చుననియు అందఱును ఎఱుగుదురు. కాని అచట మేళము ముందు నడచును. తన కాళ్లతో తాను నడచును. ఇచట మేళము మోతలో భాగము. మేము ఎవరికొఱకు వాయించుచున్నామో వారే మమ్మును మోయుచున్నారు. వారి బరువులో మా బరువున్నది. లావుపాటి మా సాక్సఫోన్ మిత్రుడు పండుగకు నెల ముందునుండి తీపి మానును. అతడు దానిని ఎవరికిని చెప్పడు. అతని భార్య చెప్పినది.

పండుగ పన్నెండు దినములకు దగ్గరగ సాగును. అందులో జిల్యో కదలు దినములు కొన్నియే. ఆదివారమునాడు తురుష్కవేషధారి యెక్కిన పడవ వేఱొక పరాంజా భుజములపై వీధి ఆవలి కొననుండి వచ్చి గోపురమును కలిసికొనును. చెఱ విడిచి వచ్చిన బిషపును ఊరు కలిసికొన్నట్లు. పడవపైనను మేళ ముండును. ఆ రెండు మేళములు ఎదురెదురుగా వచ్చి నిలిచినపుడు, పదేండ్ల పిల్లలు తండ్రుల మెడలపై నెక్కి చూచుచుందురు. వారికి వేఱుగ చిన్న జిల్యో ఒకటి కలదు; దానిని వారే యెత్తుదురు; కాపో కూడ బాలుడే. ఆ చిన్న జిల్యోకు వాయించుట నాకు అన్నిటికంటె కష్టము. వారి అడుగు ఎప్పుడు అలసిపోవునో ముందుగా తెలియదు. అందుచే మేము పాటను సగములోనైనను ఆపుటకు సిద్ధపడి, కాపో బాబు బెత్తముపైననే కన్నుంచి, ఊపిరిని అప్పుగా తెచ్చుకొన్నవారివలె పొదుపుగా వాడుకొందుము.

పెద్ద జిల్యో వెనుక ఎడమమూలన పూర్వము మోసిన ఒక ముదుసలి యున్నాడు. అతని తండ్రియు ఆ మూలనే మోసెనట. ఒకనాడు చొక్కా మెడ సడలించి నాకు తన మెడ వెనుకభాగము చూపెను. సంవత్సరముల మోతకు అచట చర్మము కాయగట్టి, చిన్న ఉసిరికాయంత బుడిపె లేచియుండెను. నోలావారికి దానిని గూర్చి గర్వము. ఇతడును దానిని పిల్లవాడు పతకమును చూపినట్లు చూపెను. మోకాలి శస్త్రచికిత్స తరువాత అతడు మోతకఱ్ఱ క్రిందికి పోవుట మానెను. అయినను ప్రతి సంవత్సరము తన చారల చొక్కా తొడిగి వచ్చి, ఆ మూల ప్రక్కనే నిలుచును.

గత జూలైలో, ఎండ తగ్గిన వేళ, చివరి యెత్తుడునకు ముందు అతడు వేదిక దగ్గరకు వచ్చి, తన తండ్రి కాలమున వాయించెడి పాతపాట యొకటి వాయింపుమని ట్రంపెట్ తాతను కోరెను. అది పొడవైన పాట, మూడు చరణములు. తాత మా వైపు చూచి రెండు వ్రేళ్లు చూపెను. మేము మూడవ చరణమును విడిచివేసితిమి. బెత్తము లేచినది, వేదిక లేచినది, అడుగులు నడచినవి. వెనుకకు తిరిగి చూచుట నా నియమము కాదు గాని ఆనాడు ఒకసారి చూచితిని. ఆ ముదుసలి మోతకఱ్ఱ వెంబడి నడచుచుండెను. అతని అరచేయి దానిపై ఆనించియుండెను, బరువు పడకుండ, జ్వరమున్న బిడ్డ నుదుటిపై చేయి యుంచినట్లు. పాట తుదికి వచ్చినది. నేను నాలుకను రీడునకు చేర్చితిని.